కోడలి ఉపవాసాలు

గోవాడ రోడ్డు, చోడవరం
5 మార్చి 2025, బుధవారం

వదిన గారికి,

వదిన అని రాసినందుకు కోపం వస్తే ఆ ఒక్క మాట కొట్టేసి మిగతాది చదవండి. చదవకుండా మాత్రం చింపేయకండి. నా పేరు అచ్చియ్యమ్మ. మీ ఆర్జూని చేసుకున్న రాముకి తల్లిని. మీ అమ్మాయి మా ఇంటికి వచ్చి రెండేళ్ళు దాటింది. ఈ రెండేళ్ళలో మీకు నాలుగుసార్లు ఫోన్ చేశాను. నాలుగుసార్లూ నా గొంతు వినగానే పెట్టేశారు. తన గొంతు గానీ మా వాళ్ళ గొంతు గానీ చెవిన పడనివ్వనని మీరు ఒట్టు పెట్టుకున్నారని ఆర్జూయే చెప్పింది. ఉత్తరం చదవనని ఒట్టు లేదు కదా అని కాగితం ముందేసుకుని కూర్చున్నాను. నేను చదివింది ఏడో తరగతి, తప్పులుంటే దిద్దుకోండి. అడ్రసు మీ వారి టైలరింగ్ షాపు సంచీ మీద దొరికింది. ఆ సంచీని మీ అమ్మాయి రెండేళ్ళుగా పెట్టెలో దాచుకుంది.

సంగతి ఒకటే. ఆర్జూకి ఆరో నెల. ఒంట్లో రక్తం బాగా తక్కువగా ఉందని డాక్టరమ్మ మాత్రలు రాసింది, మూడు పూటలా కడుపు నిండా తినమంది. తినమన్న వారానికే రంజాన్ వచ్చింది. ఆదివారం నుంచి ఉపవాసాలు మొదలుపెట్టింది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి నేను ఇచ్చిన చోడి అంబలి ఒక గ్లాసుడు తాగుతుంది, మళ్ళీ పొద్దుగూకేదాకా చుక్క నీళ్ళు ముట్టదు. ఈ మధ్యలో ఆవు పని, ఇంటి పని ఏదీ మానదు. మేమంతా గానుగ దగ్గర ఉంటున్నాం, చెరకు కొట్టి బెల్లం వండే రోజులు, దాన్ని కనిపెట్టి ఉండేవాళ్ళు లేరు.

వద్దమ్మా అంటే ఏమందో తెలుసా? "మా అమ్మీ నన్ను కడుపులో పెట్టుకుని ముప్పై రోజులూ ఉంది అత్తా. ఒక్కటీ వదల్లేదు. నేనెందుకు ఉండలేను" అంది. ఆ మాట మీద కూర్చుంది, కదలదు.

ఇంకో సంగతి కూడా మీకు తెలియాలి. పోయినేడు శ్రావణంలో మూడో నెల నిండకుండానే ఒకటి పోయింది. నేను మూడోసారి ఫోన్ చేసింది అప్పుడే.

మీరు ఒక్క మాట చెబితే వింటుంది. నా మాట అత్త మాట, మీ మాట అమ్మ మాట. దయచేసి చెప్పండి. నేను రాసినట్టు దానికి తెలియదు.

మీరు కాదనకపోతే మీ వియ్యపురాలు,
అచ్చియ్యమ్మ


అనకాపల్లి
7 మార్చి

అచ్చియ్యమ్మ గారికి,

మీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను.

మా అమ్మాయి పెళ్ళి మమ్మల్ని అడిగి చేసుకోలేదు. మా ఇంటి నుంచి అది పట్టుకెళ్ళింది ఏమైనా ఉంటే నమాజు, రోజా ఉపవాసాలు మాత్రమే. ఇప్పుడు వాటిని మాన్పించడానికి మీకు నా సాయం కావాలి. అలా రాయడానికి మీకు ధైర్యం ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. ఈ ఏడు రోజా మానమంటారు, వచ్చే ఏడు నమాజు ఎందుకంటారు, ఆ తర్వాత పేరు మార్చమంటారు. ఇలాంటివి మా బంధువుల్లో చూశాం.

అల్లా శక్తినిస్తాడు. నాకిచ్చాడు, దానికీ ఇస్తాడు.

శ్రావణంలో సంగతి మీరు రాసేదాకా నాకు తెలియదు. ఆ రోజు ఫోన్ ఎందుకు చేశారో నేను అడిగి ఉండాల్సింది.

మెహరున్నీసా


గోవాడ రోడ్డు, చోడవరం
12 మార్చి

వదిన గారికి,

కొట్టేయమన్నాను కదా అని నేనే కొట్టేసుకోను. వదిన అనే రాస్తాను.

మీ ఉత్తరం చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక రోజంతా పొయ్యి దగ్గర పొగలో కూర్చుని తగ్గించుకుని ఇప్పుడు రాస్తున్నాను. పేరు మారుస్తామని రాశారు. ఆర్జూ అంటే కోరిక అని రాము చెప్పాడు. కోరి వచ్చిన పిల్లకి వేరే పేరెందుకు? మీ అమ్మాయి నమాజు మా వడ్ల గదిలో చేసుకుంటుంది. అది వచ్చిన మొదటి నెలలోనే మా ఆయన దాసు ఆ గదిలో బస్తాలన్నీ ఒక గోడకి జరిపి నేల అలికించాడు. సాయంత్రం ఆ వేళకి టీవీ సౌండు తగ్గిస్తాడు, వార్తలు వినిపించవని గొణుక్కుంటూనే తగ్గిస్తాడు. నేను పొద్దున్నే సింహాద్రి అప్పన్నకి దీపం పెట్టుకుంటాను, అది లోపల తన ప్రార్థన చేసుకుంటుంది. ఆ తర్వాత ఇద్దరం కలిసి టీ తాగుతాం. ఇందులో ఎవరి దేవుడికీ నష్టం వచ్చినట్టు నాకు కనపడలేదు.

మానమని నేను అడిగింది భక్తిని కాదు, పస్తుని. బిడ్డ పుట్టాక అరవై రోజులు ఉండనీయండి, నేనే అంబలి కాస్తాను.

సరే, మీరు చెప్పనన్నారు కాబట్టి నాకు తోచిన ఉపాయం నేను చేశాను. సోమవారం నుంచి ఆర్జూ బదులు నేను ఉపవాసం ఉంటున్నాను. నవ్వకండి. మాలో బిడ్డ మొక్కు తల్లి తీరుస్తుంది. రాముకి ఐదేళ్ళప్పుడు పచ్చకామెర్లు వస్తే, తగ్గితే వాడి చేత సింహాచలం మెట్లన్నీ ఎక్కిస్తానని మొక్కాను. తగ్గింది గానీ వాడికి నడిచే ఓపిక లేదు. వాడిని మా అత్తగారి దగ్గర కింద కూర్చోబెట్టి, వాడి పేరు చెప్పుకుని మెట్లన్నీ నేనెక్కాను. స్వామి కాదనలేదు, వాడు ఇవాళ బస్తా బెల్లం ఒక్కడే లేపుతాడు. అలాగే ఇదీ చెల్లుతుందనుకున్నాను.

ఇందులో నేనొక తప్పు చేశాను. సోమవారం, మంగళవారం మా లెక్కలో ఉపవాసం ఉన్నాను. అంటే అన్నం మానేసి రెండు అరటిపళ్ళు, ఒక గ్లాసు పాలు, దాహమేస్తే నీళ్ళు. సాయంత్రం గొప్పగా "నీ బదులు రెండు రోజులు నేనున్నాను, నువ్వు రేపు తినెయ్యి" అన్నాను. అది నా మొహంలోకి చూసి "నీళ్ళు తాగేవా అత్తా" అని అడిగింది. తాగానన్నాను. అది పడీ పడీ నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. "నీళ్ళు కూడా తాక్కూడదు. తాక్కపోయినా అలా కుదర్దు అత్తా. ఎవరి రోజా ఆళ్ళదే" అంది. అయినా ఆ రెండు రోజులూ కొట్టేసి ఇవాళ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. నీళ్ళు కూడా మానేశాను. గానుగ పొయ్యి దగ్గర నాలుక పిడచకట్టుకుపోయింది. మీరు ప్రతి ఏడూ ముప్పై రోజులు ఇలా ఎలా ఉంటారో గానీ, చేతులెత్తి దండం పెట్టాను.

ఇప్పుడు ఇంట్లో పరిస్థితి ఏమిటంటే అదీ తినడం లేదు, నేనూ తినడం లేదు. మా ఆయన మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని "ఇద్దరాడోళ్ళూ పస్తుంటే నాకు ముద్దెలా దిగుతాదే? నన్నూ సంపీండి" అని లేచిపోయాడు. రాము ఒక్కడే తింటున్నాడు, వాడూ గోడ వైపు తిరిగి తింటున్నాడు.

మీ శాస్త్రం మీకు తెలుస్తుంది. ఇది చెల్లుతుందో లేదో రాయండి.

అచ్చియ్యమ్మ


అనకాపల్లి
15 మార్చి

వదిన గారికి,

మొన్న నేను రాసిన ఉత్తరానికి సిగ్గుపడుతున్నాను. మీ ఉత్తరం మా వారికి చదివి వినిపించాను. ఆయన కుట్టు మిషను ఆపి విన్నారు. అరటిపళ్ళ దగ్గర నవ్వారు. ఆ తర్వాత చాలాసేపు మిషను తొక్కలేదు.

మీరు అడిగినదానికి జవాబు. ఆర్జూ చెప్పిందే నిజం. బతికున్న మనిషి రోజా ఇంకొకరు ఉండటానికి లేదు. కానీ గర్భిణికి, ఒంట్లో బాగోలేనివాళ్ళకి మా ధర్మంలో, దీన్‌లో, వెసులుబాటు ఉంది. ఇప్పుడు వదిలేసి తర్వాత ఎప్పుడైనా ఉండి తీర్చుకోవచ్చు. ఇది పాపం కాదు. ఆర్జూకి చిన్నప్పటి నుంచీ తెలుసు, నేనే నేర్పాను. కాబట్టి మీరు ఉపవాసం మానేయండి. వయసు మళ్ళిన మనిషి, పొయ్యి దగ్గర పని చేసే మనిషి, నీళ్ళు లేకుండా ఉండకూడదు.

ఈ ఉత్తరం ఆర్జూకి చూపించండి. అమ్మీ రాసింది, అనుమతి ఉంది అని చెప్పండి. అంతకన్నా నేను చెప్పగలిగింది లేదు.

మీ వడ్ల గది గురించి రాసింది చదివాక నాకు నిద్ర పట్టలేదు. మీ వారికి నా సలాం చెప్పండి. ఈ ఉత్తరంతో పంపిన ఖర్జూరాలు ఆర్జూకి ఇష్టం. నేను పంపానని చెప్పినా చెప్పకపోయినా ఫరవాలేదు.

మెహరున్నీసా


చోడవరం, ఆసుపత్రి
20 మార్చి

వదిన గారికి,

ఇది పోస్టులో వేయడం లేదు. మా బెల్లం మీ ఊరు తీసుకొచ్చే వ్యాను బాలు చేతికిచ్చి పంపుతున్నాను. మీరు చదివేదాకా మీ గుమ్మంలోనే నిలబడమన్నాను.

ముందు మంచి మాట చెబుతాను, కంగారుపడకండి. తల్లీ బిడ్డా బాగున్నారు. లోపల బిడ్డ గుండె చప్పుడు నేను నా చెవులతో విన్నాను.

నిన్న మధ్యాహ్నం ఆర్జూ ఆవుకి కుడితి పట్టుకెళ్తూ పశువుల పాక దగ్గర పడిపోయింది. మేమెవరం ఇంట్లో లేము. పక్కింటి దేముడమ్మ బకెట్టు చప్పుడు విని పరిగెత్తుకొచ్చింది, లేకపోతే ఎంతసేపు అలా ఎండలో పడి ఉండేదో. రాము దాన్ని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తీసుకొచ్చాడు. సెలైన్ ఎక్కించారు. ఇంకోసారి ఇలా జరిగితే బిడ్డ దక్కడం కష్టమని డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పింది.

కళ్ళు తెరిచాక అది నన్ను అడిగిన మొదటి మాట, "అత్తా, నా రోజా పోయిందా" అని. పోతే పోయిందిలే, మీ అమ్మ కూడా తినమని రాసింది కదా అన్నాను. మీ ఉత్తరం మొన్ననే దానికి చూపించాను. దానికి అది ఏమందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "అమ్మీ అందరికీ అలాగే సెప్తాది. తను మాత్రం ఉంది కదా. నేను పదిహేడుకే పడిపోయేను. ముప్పై ఉంటే ఏదో ఒక రోజు అమ్మీ తలుపు తీస్తాదనుకున్నాను. ఇంక ఏ మొహం పెట్టుకుని ఎల్తాను" అంది. గోడ వైపు తిరిగి పడుకుంది. సోమవారం నుంచి మళ్ళీ మొదలుపెడతానంటోంది.

వదినా, ఇది దేవుడి కోసం ఉంటున్న ఉపవాసం కాదు. మీ గుమ్మం కోసం ఉంటున్నది. మీరు ఆ రోజుల్లో ముప్పై ఉన్నారు, మంచిదే, మీ పుణ్యం మీది. కానీ ఆ ముప్పై ఇప్పుడు నా కోడలి ప్రాణం మీదికి వచ్చింది. అనుమతి ఉందని రాస్తే చాలదు. ఇంకేం రాస్తే వింటుందో నాకు తెలియదు. మీరు కన్నతల్లి, మీకు తెలిసుండాలి. బాలు చేతికే జవాబు ఇవ్వండి.

అచ్చియ్యమ్మ


అనకాపల్లి
20 మార్చి, సాయంత్రం

వదినా,

బాలు గుమ్మంలోనే ఉన్నాడు. మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాను. తొందరలో రాస్తున్నాను, రాత సరిగా లేకపోతే క్షమించండి.

కింద రాసింది ఆర్జూ కోసం. దాని చేతికి ఇవ్వకండి, సగం చదివి మడిచేస్తుంది. మీరు పక్కన కూర్చుని చివరిదాకా చదివి వినిపించండి. మీరూ వినాలి, అందుకే మిమ్మల్ని చదవమంటున్నాను.

ఆర్జూ,

నేను ముప్పై రోజులు ఉండలేదు. పదకొండు ఉన్నాను.

నువ్వు కడుపులో ఉన్నప్పుడు రంజాన్ చలికాలంలో వచ్చింది. చిన్న పగళ్ళు, ఎండ లేదు, దాహం లేదు. అయినా నా వల్ల కాలేదు. పన్నెండో రోజు మిషను మీద బ్లౌజు కుడుతూ ముందుకు పడిపోయాను, సూది గుచ్చుకుని వేలు చిల్లుపడింది. ఆ మచ్చ నువ్వు చిన్నప్పుడు ఏమిటని అడిగితే వేరే ఏదో చెప్పాను. మీ దాదీ, మా అత్తగారు, నన్ను లోపలికి తీసుకెళ్ళి, తలుపు గడియపెట్టి, వేడన్నంలో పప్పు కలిపి ముద్దలు పెట్టింది. "తిను బేటీ, అల్లా చూస్తూనే ఉన్నాడు, ఆయనేమీ అనుకోడు" అంది. మిగిలిన రోజులన్నీ అలాగే తలుపేసుకుని తిన్నాను.

కానీ బయట ఎవరికీ చెప్పలేదు. వీధిలో ఆడవాళ్ళు "కడుపుతో ఉండి కూడా ఉంటోంది, ఎంత గట్టి మనిషో" అంటుంటే నాకు బాగుండేది. కాదు అనలేకపోయాను. ఆ తర్వాత నువ్వు పుట్టాక అదే మాట నీకూ చెప్పాను. చెప్పీ చెప్పీ నాకే నిజమనిపించింది. వదిలేసినవన్నీ తర్వాత ఒక్కొక్కటీ ఉండి తీర్చుకున్నాను. అవి కూడా దొంగతనంగానే. రంజాన్ కాని రోజుల్లో ఎందుకు తినట్లేదని ఎవరైనా అడిగితే కడుపునొప్పి అనేదాన్ని. అందరిలాగే నాకూ కుదరలేదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ ఒక్క మాట పాతికేళ్ళుగా నా నోట రాలేదు.

నువ్వు శ్రావణంలో బిడ్డను పోగొట్టుకున్నప్పుడు నేను ఫోన్ పెట్టేశాను. ఇప్పుడు ఈ బిడ్డ నా గొప్ప వల్ల పోతే నేను ఏ నమాజులోనూ తలెత్తలేను. నా మీద కోపం వస్తే రానీ. నన్ను ఎన్నైనా అను. కానీ అన్నం తిను. నా కోసం ఏమైనా చేయాలనిపిస్తే అదే చెయ్యి.

అమ్మీ


గోవాడ రోడ్డు, చోడవరం
23 మార్చి, ఆదివారం

వదినా,

చదివి వినిపించాను. నిన్న ఇంటికి తీసుకొచ్చాక, నడవలో మంచం వాల్చి పడుకోబెట్టి, పక్కన పీట వేసుకుని చదివాను. నా చదువు సంగతి మీకు తెలుసు, అక్కడక్కడా ఆగి కూడబలుక్కున్నాను. మా ఆయన వాకిట్లో తాడు పేనుకుంటూ అంతా విన్నాడు, విననట్టు తాడు వైపే చూస్తూ కూర్చున్నాడు.

అయిపోయాక మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోదు. నాకు భయమేసింది, ఇంకేదైనా పంతం పడుతుందేమోనని. ఉన్నట్టుండి "పదకొండేనా" అంది. అవునే అన్నాను. "నేను పదిహేడున్నాను అత్తా. అంటే అమ్మీ కన్నా ఆరెక్కువ" అని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు విని రాము పశువుల పాకలోంచి గడ్డి చేత్తో పట్టుకునే వచ్చేశాడు.

నవ్వి నవ్వి ఆయాసం తీర్చుకుని "ఆకలేస్తంది" అంది. వదినా, ఆ మాట కోసం నేను సింహాచలం మెట్లు ఇంకోసారి ఎక్కమన్నా ఎక్కేదాన్ని. ఆనపకాయ పులుసు, కందిపప్పు, వేడన్నం, మా ఆవు నెయ్యి. రెండుసార్లు మారు వడ్డించుకుంది. మిట్టమధ్యాహ్నం తిన్నది. మా ఆయన అప్పుడు కంచం తెచ్చుకుని దాని పక్కనే కూర్చున్నాడు. పదిరోజుల తర్వాత ఆ మనిషి కడుపు నిండా తినడం చూశాను. నేనూ తిన్నాను. మాత్రలు ఇచ్చాను, వేసుకుంది.

మీరు రాసింది ఎంత కష్టమో నాకు తెలుసు. నేనైతే రాయలేను. నా కొడుకు ముందు నేను కూడా ఎన్ని గొప్పలు పోయానో నాకు తెలుసు, ఒక్కటీ వెనక్కి తీసుకోలేదు. మీరు మా వంశాన్ని నిలబెట్టారు. ఇంతకన్నా పెద్ద మాట నాకు రాదు. మా గానుగ మీద తొలి పాకం నూకాలమ్మకి పెడతాం. ఈసారి ఆఖరి పాకం మీకోసమని విడిగా పోయించాను, యాలకులు వేశాను. మాడుగుల హల్వా కూడా బాలు చేత పంపుతున్నాను. సాయంత్రం ఉపవాసం విడిచాక ఇంటిల్లిపాదీ తినండి.

కింద ఆర్జూ రెండు ముక్కలు రాస్తానంది. కాగితం ఇస్తున్నాను.

మీ వదిన,
అచ్చియ్యమ్మ

అమ్మీ,
అన్నం తిన్నాను. రేపూ తింటాను, రోజూ తింటాను. నాకు కోపం లేదు. నువ్వు గట్టి మనిషివి కాదని తెలిసి నాకు చాలా హాయిగా ఉంది. నీకు ఇష్టమైతే రా. ఇష్టం లేకపోతే ఇలా రాస్తూ ఉండు, చాలు.
ఆర్జూ


అనకాపల్లి
27 మార్చి

వదినా,

బెల్లం అందింది, హల్వా అందింది. అన్నింటికన్నా ముందు కింద ఉన్న ఆర్జూ మాటలు చదివాను. మా వారు ఆ ముక్క వరకూ కత్తిరించి జేబులో పెట్టుకున్నారు. అడిగితే ఇవ్వడం లేదు. మీ ఉత్తరాలు మాత్రం అన్నీ నా దగ్గరే ఉన్నాయి.

పెట్టిన ఒట్టు తీసేయడానికి మాలో దారి ఉంది. పది మంది పేదలకు కడుపు నిండా అన్నం పెట్టాలి. నిన్న సాయంత్రం మసీదు దగ్గర పెట్టాను. కాబట్టి ఇక ఏ గొంతైనా వినవచ్చు. అయినా ఫోన్ చేయను. రెండేళ్ళ తర్వాత మొదటి మాట ఫోన్‌లో వద్దు, నాకు మాట రాదు, అది కంగారుపడుతుంది.

ఆదివారం మీకు ఉగాది. మాకు ఇంకా రోజాయే. ఉదయం బస్సుకి నేనూ, మా వారూ వస్తాం. మీరు పండగ పనుల్లో ఉంటారు, మా కోసం ఏమీ చేయకండి. ఇన్నాళ్ళూ నా బిడ్డకు మీరు చేసినదానికి నేను ఏమిచ్చినా తక్కువే, అందుకని ఇవ్వడం గురించి రాయను. ఒక్కటే అడుగుతాను, అది కాదనకండి. ఆ రోజు ఆర్జూ మధ్యాహ్నం అన్నం నన్ను వండనివ్వండి. నేను ఉపవాసంలోనే ఉంటాను. ఉప్పు సరిపోయిందో లేదో మీరు చూసి చెప్పాలి. మీ వాకిట్లో, పట్టపగలు, వీధిలో పోయేవాళ్ళంతా చూస్తుండగా, నా చేత్తో దానికి ముద్దలు పెడతాను.

మీ వియ్యపురాలు,
మెహరున్నీసా